పాత గుమ్మం దగ్గర

మంగళవారం రాత్రి కెర్నెల్ మార్చాను.
బుధవారం పొద్దున్నకి మెషిన్ మూగదైపోయింది.

మూగదంటే, పనిచేస్తూనే ఉంది.
ఫ్యాను తిరుగుతోంది, పచ్చదీపం వెలుగుతోంది,
టీకా మందుల పెట్టె ఎంత చల్లగా ఉందో తెరమీద కనిపిస్తోంది.
లాగ్ ఫైలు మాత్రం
పదకొండూ నలభై రెండు దగ్గర
సగం వాక్యంలో ఆగిపోయింది,
కబుర్లు చెబుతూ చెబుతూ నిద్రలోకి జారిన మనిషిలా.

పర్లాకిమిడిలో వాన. ఆసుపత్రి వెనక స్టోరు గది.
కిటికీ దగ్గరికెళ్తే ఫోను పాతపట్నం టవరు పట్టుకుని
ఆంధ్రాకి స్వాగతం అంటుంది,
కుర్చీలోకి తిరిగొస్తే ఒడిశాకి.
ఆరడుగుల గదిలో రోజుకి నలభై స్వాగతాలు నాకు.

డిస్కు నిండిందేమో చూశాను. నిండలేదు.
గడియారం తప్పిందేమో. తప్పలేదు.
ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో, ఎవరికి రాసే హక్కుందో
ఒక్కోటీ విప్పి చూశాను.
ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి.
కొత్త కెర్నెల్‌ని తిట్టాను. అది పట్టించుకోలేదు.

సేబతి రైతా తలుపు దగ్గర నిలబడి
"ఏటైంది బాబూ, రాత్రి పెట్టె వేడెక్కిందా?" అంది,
తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముగించి.
సవర ఆమె ఇంటి భాష,
దాన్ని ఫోన్లో కూతురికోసం దాచుకుంటుంది.
తెలీదన్నాను.
తెలీదంటే మూడువేల డోసులు పక్కన పెట్టాలి.
తెలీదంటే రేపు సెరంగో కొండమీది పిల్లలకి సూది లేదు.

చివరికి మధ్యవర్తులందర్నీ దాటి
కెర్నెల్‌నే నేరుగా అడిగాను, డీమెసేజ్ కొట్టి.
గలగలా చెప్పేసింది:
రెండూ పదికి సెన్సారు తీగ ఊడింది,
రెండూ పదమూడుకి దొరికింది,
మళ్లీ ఊడింది, మళ్లీ దొరికింది.
అంతకు ముందువి మాత్రం లేవు.
గుండ్రంగా తిరిగే దాని జ్ఞాపకంలో
కొత్త మాటలు పాత మాటల్ని తొక్కుకుంటూ పోతాయి.

అయితే మూగది కాదు. రాత్రంతా మాట్లాడుతూనే ఉంది.
రాసుకునేవాడే
పలకా బలపం పట్టుకుని
పాత గుమ్మం దగ్గర కూర్చున్నాడు.
ఇల్లు వాకిలి మార్చుకుందని
వాడికెవరూ చెప్పలేదు.

ఇదెక్కడో విన్నట్టుందే.

కొమ్ముతో దువ్వెనలు కోసే మా ముత్తాత బుడుమూరు గవరయ్య,
ముప్పై ఆరులో, రాష్ట్రం మారిన ఏడు,
కాలవ నీళ్ల తగాదా మీద కచేరీలో అర్జీ పెట్టాడట, తెలుగులో.
వారం వారం వెళ్లేవాడట.
ఎవరూ కాదనలేదు, ఎవరూ కసరలేదు.
అర్జీలు పుచ్చుకునే బల్ల అక్కడే ఉంది.
చదివే గుమస్తా మాత్రం బదిలీ మీద
ఏటి అవతలకి పోయాడు.
ఆ కాలవ ఇప్పుడు బస్టాండు కింద ఉంది.

దిద్దాల్సింది ఒక్క వరస.
సాకెట్ దారి మార్చి, రాసేవాణ్ని లేపి
కొత్త వాకిట్లో కూర్చోబెట్టాను.
లాగ్ కదిలింది. మొదట తడబడి, తర్వాత ధారగా.

మరి పదకొండూ నలభై రెండు నుంచి రెండు దాకా?

సేబతి మాటాడకుండా నోటుపుస్తకం నా ముందు పెట్టింది.
రోజుకి రెండుసార్లు రాస్తే చాలని రూలు.
వాన కదా, కరెంటు పోతుందని ఆమె పడుకోలేదు.
గుండ్రటి ఒడియా అంకెలు:
పన్నెండుకి నాలుగు డిగ్రీలు.
ఒంటిగంటకి అయిదు, కరెంటు లేదు, మూత తియ్యలేదు.
రెండింటికి అయిదే.
ఒక చోట టీ మరక.

లాగ్‌లో ఆ ఖాళీని పూడ్చలేదు నేను.
అంచున ఒక మాట రాశాను:
ఇక్కడ సేబతి పుస్తకం చూడండి, పద్దెనిమిదో పేజీ.

ఏ భాషలో రాశావంది.
రెండింట్లోనూ అన్నాను.
మూడోది?
నాకు రాదు.
"అయితే జరుగు" అంది,
కీబోర్డు తనవైపు లాక్కుంటూ.